అరవైలో అయిదు కిలోల గుండు: మాస్టర్స్ మీట్‌కు దిగేముందు

నల్లగొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లోనో మహబూబ్‌నగర్ స్టేడియంలోనో పొద్దుగాల అయిదున్నరకు చూస్తే నడిచేవాళ్లకు కొదవ ఉండదు. రిటైరైన సార్లు, ఆర్టీసీ డ్రైవర్లు, పోలీసు శాఖలో చేసి దిగినవాళ్లు, దుకాణం తెరిచేముందు నాలుగు రౌండ్లు వేసి పోయేవాళ్లు కనిపిస్తారు. వీళ్లలో పోటీకి దిగగలవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ మాస్టర్స్ మీట్ (వయసు వర్గాలవారీగా పెద్దవాళ్లకు పెట్టే అథ్లెటిక్స్ పోటీ) అనగానే అందరూ అయిదు వేల మీటర్లకో నడకకో పేరిస్తారు. రోజూ చేసేది అదే కాబట్టి అదే తమ ఈవెంట్ అనుకుంటారు.

నేను దీన్ని ఒప్పుకోను. యాభై దాటాక దమ్ముకంటే వేగంగా తగ్గేది కండలోని ఉరుకు. చటుక్కున ముడుచుకునే కండపోగులు ముందు సన్నబడతాయి. మెట్లు దిగేటప్పుడు తూలితే నిలదొక్కుకోనిచ్చేవి అవే. రోజూ నడిస్తే గుండెకు మంచిదే గాని ఆ పోగులకు పని పడదు. షాట్‌పుట్ (ఇనుప గుండు విసరడం), డిస్కస్ (గుండ్రటి బిళ్ల విసరడం), వంద మీటర్ల పరుగు వాటిని మేల్కొలుపుతాయి. అయితే వీటిలో అజాగ్రత్తగా దిగితే దెబ్బ కూడా పెద్దదే తగులుతుంది. వయసుకు తగ్గ బరువు, వయసుకు తగ్గ తయారీ, సరైన కొలత ఉండాలి. మన జిల్లాల్లో జరిగే చిన్న మీట్లలో ఈ మూడూ తరచూ గాడి తప్పుతున్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రపంచ మాస్టర్స్ పోటీలు 1975లో టొరంటోలో మొదలయ్యాయి. వాటిలో 35 ఏళ్ల నుంచి అర్హత. మన దేశంలో జాతీయ పోటీలకు 30 నుంచే తీసుకుంటున్నారు. ఆపైన అయిదేళ్లకో వర్గం. 60 నుంచి 64 వరకు ఒకటి, 65 నుంచి 69 వరకు ఇంకొకటి, ఇలా తొంభై, వంద దాకా పోతుంది. 2022లో ఫిన్లాండ్‌లోని తాంపెరెలో 94 ఏళ్ల భగవానీ దేవి వంద మీటర్లు 24.74 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచింది, షాట్‌పుట్‌లో కాంస్యం కూడా తెచ్చింది. ఆ వయసుకూ ఒక వర్గం, ఒక గుండు బరువు ఉన్నాయి కాబట్టే ఆమె పోటీ పడగలిగింది.

వర్గం తేల్చేది మీట్ మొదలయ్యే రోజుకు మీకు నిండిన వయసు. 1965 నవంబరు 15న పుట్టినాయన 2025 నవంబరు 10న మొదలయ్యే మీట్‌కు వస్తే ఆయనది ఇంకా 55–59 వర్గమే. పోటీల మధ్యలో అరవై నిండినా వర్గం మారదు, ఆరు కిలోల గుండే విసరాలి. మీట్ ఇరవయ్యో తేదీన మొదలైతే అదే మనిషి చేతికి అయిదు కిలోలది వస్తుంది. మన దగ్గర అసలు చిక్కు కాగితాల్లో ఉంటుంది. చాలామంది పెద్దవాళ్ల ఆధార్‌లో జనవరి 1 అనో జూలై 1 అనో ఉంటుంది, పదో తరగతి మెమోలో ఇంకో తేదీ ఉంటుంది. బడికి పోని ఆడవాళ్లకైతే మెమోనే ఉండదు. జిల్లా మీట్‌లో ఆధార్‌తో పని నడుస్తుంది గాని విదేశీ పోటీలకు పాస్‌పోర్టులోని తేదీయే లెక్క. రెండింట్లో తేడా ఉంటే ఎంట్రీ పంపే ముందే సరిచేయించుకోవాలి. మీట్ దగ్గరపడ్డాక మీసేవ చుట్టూ తిరిగితే కాదు.

ఇక బరువులు. మగవాళ్లకు గుండు 49 ఏళ్ల దాకా 7.26 కిలోలు, 50 నుంచి 59 వరకు 6, 60 నుంచి 69 వరకు 5, 70 నుంచి 79 వరకు 4, ఎనభై దాటితే 3 కిలోలు. ఆడవాళ్లకు 49 దాకా 4 కిలోలు, 50 నుంచి 74 వరకు 3, ఆపైన 2. డిస్కస్ మగవాళ్లకు యాభైలలో కిలోన్నర, అరవై నుంచి కిలో. ఆడవాళ్లకు 74 దాకా కిలోనే, తర్వాత ముప్పావు కిలో. జావెలిన్ (బల్లెం) మగవాళ్లకు 800 గ్రాములతో మొదలై యాభైలో 700, అరవైలో 600, డెబ్బైలో 500, ఎనభైలో 400కు దిగుతుంది. ఆడవాళ్లకు 600, యాభై నుంచి 500, డెబ్బై అయిదు నుంచి 400.

చిన్న మీట్లలో జరిగేదేమిటంటే, ఏదో హైస్కూలు నుంచి తెచ్చిన నాలుగు కిలోల గుండొకటి, 7.26దొకటి ఉంటాయి. అరవై అయిదేళ్లాయనకు ఆ నాలుగు కిలోలది ఇచ్చి పది మీటర్లు పడిందని రాస్తారు. ఆయన రాష్ట్ర స్థాయికి పోయి అయిదు కిలోలది పట్టుకుంటే ఎనిమిది కూడా దాటదు. అంతదూరం ఖర్చు పెట్టుకుని పోయిన పెద్దమనిషికి అది అన్యాయం. యాభై ఎనిమిదేళ్ల ఆయన చేతికి 7.26 ఇస్తే ఇంకా ప్రమాదం, భుజం పోతుంది. కాబట్టి మీట్ పెట్టేవాళ్లు కనీసం 3, 4, 5, 6 కిలోల గుండ్లు నాలుగూ సమకూర్చుకోవాలి. కొన్న గుండును కూడా నమ్మొద్దు. తక్కువ ధరవాటిలో చెప్పిన బరువు ఉండదు, పాతవాటిలో తుప్పు రాలి తగ్గుతుంది. వడ్ల కొనుగోలు కేంద్రంలోని కాంటా దీనికి పనికిరాదు, అది బస్తాలకు. కిరాణా దుకాణంలోని ఎలక్ట్రానిక్ కాంటా మీద తూచి, ఆ అంకె గుండు మీద పెయింటుతో రాయండి. అయిదు కిలోలది 4.98 వస్తే దానితో సాధన చేసుకోవచ్చు, పోటీలో పెట్టకూడదు.

మట్టి గ్రౌండ్‌లో షాట్‌పుట్ సర్కిల్ వేయడం కష్టమేమీ కాదు. మధ్యలో ఒక ఇనుప మేకు దించి, దానికి తాడు కట్టి, 106.75 సెంటీమీటర్ల దగ్గర ముడి వేసి గుండ్రంగా గీస్తే 2.135 మీటర్ల వ్యాసం వస్తుంది. డిస్కస్‌కైతే 125 సెంటీమీటర్ల దగ్గర ముడి, రెండున్నర మీటర్ల వ్యాసం. సెక్టార్ (గుండు పడాల్సిన జాగా) కోణం 34.92 డిగ్రీలు అని పుస్తకంలో ఉంటుంది, గ్రౌండ్‌లో కోణమానిని పెట్టి కొలవడం అయ్యే పని కాదు. మేకు నుంచి ఒక దిక్కున 20 మీటర్లకు ఒక గుర్తు పెట్టండి. అదే మేకు నుంచి 20 మీటర్ల దూరంలోనే, మొదటి గుర్తుకు సరిగ్గా 12 మీటర్ల ఎడంగా రెండోది పెట్టండి. మేకు నుంచి ఈ రెండు గుర్తుల మీదుగా సున్నం గీతలు లాగితే సెక్టార్ సిద్ధం. మేకును తలదాకా దించేయండి, తీయొద్దు. కొలిచేటప్పుడు దానితో పని ఉంది.

సర్కిల్ ముందు భాగంలో పాదాన్ని ఆపే చెక్క, అంటే స్టాప్ బోర్డు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. వట్టి కర్రముక్క పెట్టి వదిలేస్తే విసిరిన ఊపులో పాదం దాన్ని నెట్టుకుంటూ పోతుంది, మడమ మెలిపడుతుంది. బోర్డు వెనక రెండు మూడు చోట్ల ఇనుప మేకులు దిగ్గొట్టాలి. మన ఎర్రమట్టి ఎండాకాలంలో గట్టిపడి పైన సన్నటి దుమ్ము లేస్తుంది, సర్కిల్‌లో కాలు జారేది దానివల్లే. పోటీకి ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి దిమ్మిసతో కొడితే పొద్దటికి పట్టు దొరుకుతుంది. పోటీ మధ్యలో నీళ్లు చల్లొద్దు, ఇంకా జారుతుంది.

కొలతలో పొరపాట్లు ఎక్కువ. టేపు సున్నా గుండు పడిన గుంత దగ్గర ఉండాలి, అదీ గుంతలో సర్కిల్‌కు దగ్గరి అంచున. టేపును లాగి మధ్య మేకు మీదుగా పోనివ్వాలి. అంకె చదవాల్సింది సర్కిల్ లోపలి అంచు దగ్గర. గుండు పక్కకు పడినప్పుడు చాలామంది బోర్డు మధ్య నుంచి కొలుస్తారు, అలా కొలిస్తే దూరం తప్పు వస్తుంది. బోర్డు బయటి అంచు నుంచి కొలిస్తే పది సెంటీమీటర్లకు పైగా పోతుంది. సెంటీమీటరుకు తక్కువ మిగిలింది వదిలేయాలి, 8.437 వస్తే 8.43 అని రాయాలి. గుడ్డ టేపు సాగుతుంది, స్టీలు టేపే వాడాలి. గుండు నేలకు తాకకముందే మనిషి సర్కిల్ బయటికి వచ్చినా, తర్వాత ముందు సగం నుంచి బయటికి అడుగు వేసినా ఫౌల్. ఫౌల్ ఇస్తే పెద్దవాళ్లు నొచ్చుకుంటారని కొందరు చూసీ చూడనట్టు వదిలేస్తారు. అలా వదిలితే ఆయన ఆ అలవాటుతోనే పై మీట్‌కు పోయి మూడు ఛాన్సులూ పోగొట్టుకుంటాడు.

విసిరే తీరు గురించి రెండు మాటలు. గుండు అరచేతిలో కూర్చోకూడదు, వేళ్ల మొదళ్ల మీద నిలవాలి. దవడ కింద మెడకు ఆనించి, మోచేయి పక్కకు ఎత్తి, నెట్టాలి. క్రికెట్ బంతిలా భుజం వెనక నుంచి తెచ్చి విసిరితే ఫౌలే కాదు, మోచేతి లోపలి నరం లాగేస్తుంది. బలం కాలి నుంచి మొదలవ్వాలి. వెనక కాలు నేలను తన్ని, నడుం తిరిగి, ఆఖర్న చేయి రావాలి. కొత్తవాళ్లలో చేయి ముందొచ్చేస్తుంది. నిలబడి విసిరినప్పుడు ఎంత పడుతుందో, గ్లైడ్ చేసి, అంటే సర్కిల్ వెనక నుంచి ముందుకు జారుతూ వచ్చి, విసిరితే కూడా అంతే పడుతుంటే గ్లైడ్ మీ దగ్గర పని చేయడం లేదన్నమాట. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు గ్లైడ్ మానేసి నిలబడే విసరడం మేలు, నియమం దానికేమీ అడ్డు చెప్పదు.

పరుగులో చేతి వాచీతో తీసే టైము మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. ఫినిష్ దగ్గర నిలబడ్డవాళ్లకు వంద మీటర్ల అవతలి చప్పుడు చేరడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. చప్పుడు విని వాచీ నొక్కితే ఆ మేరకు టైము తగ్గుతుంది. గన్ అయితే పొగ చూసి, చెక్క క్లాపర్ అయితే రెండు పలకలు కలిసే క్షణం చూసి నొక్కాలి. విజిల్‌తో స్టార్ట్ ఇస్తే చూడడానికేమీ ఉండదు, అందుకని విజిల్ వద్దు. మొదటి స్థానానికి ముగ్గురు టైమర్లుంటే మధ్యది తీసుకుంటారు. 100, 200 మీటర్లలో చేతి టైముకు 0.24 సెకను కలిపితేనే ఎలక్ట్రానిక్ టైముతో పోల్చడానికి వీలవుతుంది. ఇక్కడ చప్పుడు విని 14.2 రాసినది గచ్చిబౌలి స్టేడియంలో 14.7 దగ్గరికి వస్తే పరుగెత్తినాయన తప్పు కాదది. ఆషాఢ మాసంలో మన పాలమూరు పీఠభూమి మీద వీచే గాలి వీపున తగిలితే టైము ఇంకా మోసం చేస్తుంది. సెకనుకు 2 మీటర్లు దాటిన వెనకగాలితో రికార్డు చెల్లదు.

మాస్టర్స్‌లో బ్లాకులు (పరుగు మొదట్లో కాలితో తన్నడానికి పెట్టే దిమ్మెలు), వంగి కూర్చుని స్టార్ట్ తీసుకోవడం తప్పనిసరి కాదు. నిలబడి పరుగు మొదలుపెట్టవచ్చు. అరవై దాటి కొత్తగా వచ్చినవాళ్లకు నేను ఇదే చెబుతాను. బ్లాకుల నుంచి ఒక్కసారిగా లేస్తే పిక్క, మడమ నరం మీద బరువంతా పడుతుంది, లాభం మాత్రం అంతగా ఉండదు.

వేర్వేరు వయసులవాళ్లను పోల్చడానికి ఏజ్ గ్రేడింగ్ పట్టికలున్నాయి. ఆ వయసుకు ఇచ్చిన ప్రామాణిక టైమును మీ టైముతో భాగించి వందతో గుణిస్తే శాతం వస్తుంది. ప్రామాణికం 12 సెకన్లు అనుకుంటే 15 సెకన్లలో పరుగెత్తినవాళ్లది 80 శాతం. 60 శాతం దాటితే స్థానికంగా మంచి స్థాయి, 80 శాతం అంటే జాతీయ స్థాయి అని లెక్క. వర్గంలో ఒక్కరే ఉండి స్వర్ణం తెచ్చుకున్నప్పుడు ఈ శాతం చూసుకుంటే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. ఆడవాళ్ల వర్గాల్లో ఇప్పటికీ ఒకరిద్దరే ఉంటున్నారు కాబట్టి వాళ్లకు ఇది మరీ అవసరం.

తయారీకి కనీసం పన్నెండు వారాలు పెట్టుకోవాలి. మొదటి నాలుగు వారాలు పరుగే వద్దు. అయిదు కిలోల బియ్యం సంచి ఎదకు హత్తుకుని కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోవడం ఎనిమిదిసార్లు, మూడు విడతలు. మెట్టు అంచున పాదం ముందు భాగం పెట్టి మడమను నెమ్మదిగా కిందికి దించడం పదిహేనుసార్లు, మూడు విడతలు. ఈ రెండో వ్యాయామం మడమ నరానికి ప్రాణం. అయిదో వారం నుంచి ఎత్తు ఎక్కే పరుగు. నల్లగొండవాళ్లు లతీఫ్ సాహెబ్ గుట్ట కింది వాలులో ఎక్కడైనా 30 మీటర్ల సాఫు జాగా చూసుకోవచ్చు. ఎత్తుకు పరుగెత్తితే వేగం పరిమితమై తొడ వెనక కండ మీద లాగుడు తగ్గుతుంది. ఆరుసార్లు, ప్రతిసారీ మూడు నిమిషాల విరామం. దిగేటప్పుడు నడవాలి, పరుగెత్తొద్దు. తొమ్మిదో వారం నుంచి గ్రౌండ్ మీద 60 మీటర్లు, మొదట డెబ్బై శాతం వేగంతో. స్పైక్స్ (అడుగున పిన్నులుండే బూట్లు) ఆఖరి మూడు వారాల్లో చాలు. సింథటిక్ ట్రాక్ మీద స్పైక్ పిన్ను 9 మిల్లీమీటర్లు దాటకూడదు, జావెలిన్, హైజంప్‌లకు 12 దాకా ఉండవచ్చు.

గట్టి సాధన వారానికి రెండు రోజులే, మధ్యలో 72 గంటలు ఉండేలా. మంగళవారం, శుక్రవారం అనుకోండి. మిగతా రోజుల్లో పానగల్ చెరువు కట్ట మీద నడక చాలు. ఇరవై ఏళ్ల పిల్లలు పక్కన రోజూ స్ప్రింట్లు కొడుతున్నారని వాళ్లతో కలిసిపోతేనే కండరాలు తెగేది. వార్మప్ 25 నిమిషాలకు తగ్గొద్దు, చలికాలంలో ఇంకా ఎక్కువ. తొడ వెనక చురుక్కుమంటే అక్కడే ఆగిపోవాలి. మొదటి 48 గంటలు నూనె మర్దన చేయించకండి, లోపల రక్తం ఇంకా కారుతుంటుంది, రుద్దితే పెరుగుతుంది. చల్లటి కాపడం పెట్టి బ్యాండేజీ చుట్టాలి.

తిండిలో మాంసకృత్తులు చూసుకోవాలి. కిలో శరీర బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే 65 కిలోల మనిషికి 80 నుంచి 100 గ్రాముల దాకా. కోడిగుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల పల్లీల్లో 25. జొన్నరొట్టె, పప్పు, పెరుగు, రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు తింటే చాలావరకు వచ్చేస్తుంది. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే పెంచాలి.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు చిన్నప్పటి నుంచి బోరునీళ్లు తాగి పెరిగినవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక చుట్టూ ఎముకలను పట్టి ఉంచే కట్లు (లిగమెంట్లు) గట్టిపడతాయి. ఎముక చూడ్డానికి దట్టంగానే ఉంటుంది, లోపల పెళుసు. మోకాళ్లు వంచకుండా నేలను అందుకోగలరా, గడ్డం ఎదకు ఆనుతుందా, రెండు చేతులూ తల వెనక్కు పోతాయా చూసుకోండి. ఈ మూడింట్లో ఏది రాకపోయినా జంపులు, హర్డిల్స్, జావెలిన్ జోలికి పోవద్దు. డాక్టరుకు ఎక్స్‌రే చూపించాకే మిగతావి ఎంచుకోవాలి. నడక పోటీ సులువని అందులో చేరడమూ సరికాదు. పాదం నేలకు తాకిన క్షణం నుంచి కాలు నిలువుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు, వంగితే రెడ్ కార్డు. కీళ్లు పట్టేసినవాళ్లకు అది సాధ్యం కాదు.

మాత్రల సంగతి చాలామందికి తెలియదు. ప్రపంచ పోటీల్లో మాస్టర్స్‌కూ డోపింగ్ పరీక్షలున్నాయి. బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ ఉంటే సాధారణంగా అందులో హైడ్రోక్లోరోథయజైడ్ (మూత్రం ఎక్కువగా పోయించే మందు) కలిసి ఉంటుంది. అది, అలాంటిదే క్లోర్థాలిడోన్, ఇన్సులిన్, మోకాలికి పోటీ రోజుల్లో వేయించుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అన్నీ నిషిద్ధ జాబితాలోవే. అలాగని మందు మానేసి పోవద్దు, ప్రాణానికే ముప్పు. డాక్టరుతో మాట్లాడి వేరే మాత్ర కుదురుతుందేమో చూడాలి, కుదరకపోతే చికిత్స కోసం ఇచ్చే మినహాయింపుకు ముందుగానే దరఖాస్తు చేయాలి. గ్లిమిపిరైడ్ వంటి షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా పొద్దున్నే సాధనకు వస్తే కళ్లు తిరిగి పడిపోతారు, జేబులో చక్కెర పొట్లం ఉండాలి. బీటా బ్లాకర్ (బీపీకి, గుండెకు ఇచ్చే ఒక రకం మందు) వాడేవాళ్లకు నాడి అంతగా పెరగదు కాబట్టి నాడి లెక్కతో కాక, మాట్లాడగలుగుతున్నామా లేదా అన్నదాన్ని బట్టి శ్రమ అంచనా వేసుకోవాలి.

నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష బాగుందని ఛాతీలో బరువు, దవడ లాగుడు, మామూలుగా లేని ఆయాసం వంటివి కనిపించినా కొనసాగించొద్దు. మీట్ దగ్గర 108 వాహనం ఉండాలి. అది లేకుండా వేసవిలో మీట్ పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఎవరైనా కుప్పకూలి స్పందన లేకపోతే, వాహనం వచ్చేలోగా ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతుకు నొక్కడం వచ్చినవాళ్లు నలుగురైనా ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది లోపే పరుగులన్నీ ముగించాలి. ఎండలో మనిషి తికమకగా మాట్లాడుతుంటే వెంటనే నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు గుమ్మరించాలి.

చివరగా రిలే. మన ఊళ్ల నుంచి ఎక్కువమంది పోటీలకు రావాలంటే ఇంతకు మించిన దారి లేదు. జట్టు వర్గం తేల్చేది అందరిలోకి చిన్నవారి వయసు. ముగ్గురు అరవై అయిదేళ్లవాళ్లు, ఒకరు యాభై ఎనిమిదేళ్లవారు ఉంటే ఆ జట్టు 55 వర్గంలో పరుగెత్తాలి. కాబట్టి దగ్గర వయసులవాళ్లను చూసుకుని నలుగురినీ కూర్చుకోవాలి. 4×100లో బ్యాటన్ (చేతులు మారే చిన్న కర్ర) మార్చే జాగా 30 మీటర్లు. పెద్దవాళ్లలో ఇచ్చే మనిషి వేగం ఆఖర్న బాగా పడిపోతుంది, తీసుకునే మనిషి తొందరపడి ఉరికితే జాగా దాటిపోతాడు. జాగా మొదలు నుంచి వెనక్కు పన్నెండు అడుగుజాడల దగ్గర టేపు ముక్క అంటించి, ఇచ్చే మనిషి దాన్ని దాటగానే కదలడం సాధన చేయండి. అందకపోతే గుర్తును దగ్గరికి, గుద్దుకుంటుంటే దూరానికి ఒక్కో అడుగుజాడ చొప్పున జరపండి. బ్యాటన్ కిందపడితే ఎవరి చేతిలోంచి పడిందో వాళ్లే తీసుకోవాలి. పక్కవాళ్ల దారికి అడ్డం రాకుండా తెచ్చుకుంటే పరుగు కొనసాగించవచ్చు.